పగాన్ రాళ్ల నుంచి కొత్త వచనం దాకా: పే మౌంగ్ టిన్ కృషి

(ధర్మనిధి స్మారకోపన్యాస పాఠం)



భాష గురించో శాసనాల గురించో ఏటా ఒక ఉపన్యాసం జరగాలన్నది ఈ నిధి పెట్టినవారి సంకల్పం. ఈ ఏడు ఆ రెండూ కలిసిన ఒక జీవితం గురించి చెప్పాలనుకున్నాను. ఆయన తెలుగువారు కారు. బర్మాలో పుట్టిన పాలీ పండితుడు, బర్మీస్ భాషకు విశ్వవిద్యాలయంలో పీట వేయించిన ఆచార్యుడు ఊ పే మౌంగ్ టిన్. 1888లో పుట్టి 1973లో కన్నుమూశారు. పేరు ముందున్న 'ఊ' మన 'గారు' లాంటి గౌరవవాచకం.

బర్మా మనకు పరాయి దేశమేమీ కాదు. ఉత్తరాంధ్రలో పాత తరంవాళ్లు రంగూన్ అనరు, 'రంగం' అంటారు. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో ఓడెక్కి రంగం పోయి కూలి చేసి ఇంటికి డబ్బు పంపిన కుటుంబాలు ఎన్నో. అక్కడివాళ్లు మనవాళ్లను 'కోరంగీ'లు అనేవారు. అయితే రంగంలో మన కూలీల చెమట గురించి మనకు తెలిసినంతగా, అదే ఊళ్లో అదే కాలంలో బర్మావాళ్లు తమ భాషకు చేసుకున్న పని గురించి తెలియదు. ఆ పనిలో మనకూ ఒక పాఠం ఉంది. దాన్ని ముందే చెప్పేస్తాను: ఒక భాషలో కొత్త వచనం పుట్టాలంటే పాతదాన్ని పారేయాలని చాలామంది అనుకుంటారు. బర్మాలో జరిగింది వేరు. ఇంకా పాతదాకా, అంటే ఎనిమిది వందల ఏళ్ల నాటి రాళ్ల దాకా వెళ్లి చదివారు. కొత్త వచనానికి కావలసిన ధైర్యం అక్కడ దొరికింది. ఆ దారి వేసినవారు పే మౌంగ్ టిన్.

పాలీ నుంచి మొదలు

రంగూన్ శివార్లలోని ఇన్సేన్ ప్రాంతంలో ఒక ఆంగ్లికన్ క్రైస్తవ కుటుంబంలో ఆయన పుట్టారు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. బౌద్ధ దేశంలో క్రైస్తవుడిగా పెరిగి, ఆ దేశపు బౌద్ధ వాఙ్మయాన్ని ప్రపంచానికి అందించినవాళ్లలో ఆయనది ముందు వరస. రంగూన్ కాలేజీలో చదివి, 1912లో, ఇరవై నాలుగేళ్ల వయసులో అక్కడే పాలీ ఆచార్యులయ్యారు. ఆ కాలేజీ అప్పట్లో కలకత్తా విశ్వవిద్యాలయానికి అనుబంధం. పాలీకి అక్కడ మర్యాద ఉండేది, ఎందుకంటే యూరపులో దాన్ని ప్రాచీన భాషగా గుర్తించారు. ఇంట్లో, బజారులో, బౌద్ధ విహారంలో అందరూ మాట్లాడే బర్మీస్‌కు ఆ మర్యాద లేదు.

పాలీలో ఆయన చేసిన పని చిన్నదేం కాదు. ప్రసిద్ధ పాలీ వ్యాఖ్యాత బుద్ధఘోషుడి 'అట్ఠసాలిని'ని ఇంగ్లీషులోకి అనువదించారు. అది 1920-21లో రెండు సంపుటాలుగా పాలీ టెక్స్ట్ సొసైటీ తరఫున వచ్చింది. తర్వాత అదే ఆచార్యుడి మహాగ్రంథం 'విసుద్ధిమగ్గ'ను మూడు భాగాలుగా అనువదించి 1931 నాటికి పూర్తి చేశారు. శీలం, సమాధి, ప్రజ్ఞ అనే మూడు మెట్లలో థేరవాద సాధననంతా సర్దిపెట్టిన పుస్తకమది. ఇంగ్లీషులో దానికి తొలి పూర్తి అనువాదం ఆయనదే.

ఇక్కడ మనకొక చుట్టరికం ఉంది. బుద్ధఘోషుడు తమ థటోన్ పట్టణంవాడని బర్మా సంప్రదాయం చెబుతుంది. మగధవాడని సింహళ చరిత్ర చెబుతుంది. విసుద్ధిమగ్గ చివరి గద్యలో వచ్చే ఊరి పేరును బట్టి ఆయన ఆంధ్రదేశంవాడని, నాగార్జునకొండ పరిసరాలవాడని కొందరు పండితులు వాదించారు. ఈ వివాదం తేలేది కాదు. తేలిన సంగతి ఒకటుంది. వినయపిటకం మీద బుద్ధఘోషుడి పేర ఉన్న వ్యాఖ్యలో 'అంధక అట్ఠకథ' అనే పాత వ్యాఖ్యానాన్ని మాటిమాటికీ ప్రస్తావించి, చాలాచోట్ల ఖండించాడు. అంటే ఆంధ్రుల పేరుతో ఒక వ్యాఖ్యాన సంప్రదాయం ఉండేదన్నమాట. అది ఇప్పుడు దొరకదు. ఖండించినవాడి పుణ్యమా అని పేరు మాత్రం మిగిలింది.

బావామరదుల బండి

1912లోనే కేంబ్రిడ్జి నుంచి గోర్డన్ హానింగ్టన్ లూస్ అనే యువకుడు ఇంగ్లీషు సాహిత్యం చెప్పడానికి రంగూన్ వచ్చారు. ఒక పాదిరీగారి పదమూడుమంది సంతానంలో పన్నెండోవాడు. అర్థశాస్త్రవేత్త కీన్స్‌కు మిత్రుడు. పే మౌంగ్ టిన్‌తో స్నేహం కుదిరింది. 1915లో ఆయన చెల్లెలు మా టీ టీని పెళ్లి చేసుకున్నారు. తెల్లవాళ్లకు ఈ పెళ్లి నచ్చలేదు. లూస్ లెక్క చేయలేదు. టీ టీ తర్వాత రంగూన్ వీధుల్లో దిక్కులేని పిల్లలకు ఆశ్రమం నడిపి, తన పేరు తాను నిలబెట్టుకున్నారు.

ఈ బావామరదులు ఇద్దరూ అర్ధ శతాబ్దం పాటు ఒకే బండికి కట్టిన ఎడ్లలా పనిచేశారు. ఇంగ్లీషు సాహిత్యం చెప్పడానికి వచ్చినాయన పారిస్ వెళ్లి ఆగ్నేయాసియా విద్యలు నేర్చుకొని, పాత బర్మీస్, మోన్, ప్యూ భాషల్లో దిగిపోయారు. పాలీ ఆచార్యులు బర్మా పాత రాజధాని పగాన్ శాసనాల్లో దిగిపోయారు. వీళ్లకు వేదికగా 1910లో జె.ఎస్. ఫర్నివాల్ పూనికతో మొదలైన బర్మా రీసెర్చ్ సొసైటీ, దాని పత్రిక ఉండనే ఉన్నాయి.

ఇద్దరూ కలిసి మొదట తలకెత్తుకున్న పెద్ద పని 'హ్మన్నన్ యాజవిన్' అనువాదం. మొదటి ఆంగ్ల-బర్మా యుద్ధంలో ఓడి, అరకాన్, తెనాసెరిం పోగొట్టుకున్న తర్వాత, 1829లో బగ్యీడా రాజు పండితులను, భిక్షువులను, మంత్రులను, బ్రాహ్మణులను అద్దాల మేడలో కూర్చోబెట్టి దేశ చరిత్ర రాయించాడు. యుద్ధంలో ఓడిన రాజు చరిత్ర రాయించడంలో ఎంత ఆర్తి ఉందో ఆలోచించండి. అందులో పగాన్ రాజుల పతనం దాకా ఉన్న ముఖ్యభాగం 1923లో ఇంగ్లీషులో అచ్చయింది.

ఆ పని చేస్తూండగానే ఒక సంగతి వాళ్లకు స్పష్టమై ఉండాలి. రాజచరిత్రలు తర్వాతి కాలం రాతలు. పగాన్ గురించి పగాన్‌వాళ్లే చెప్పినది రాళ్ల మీద ఉంది. పదకొండో శతాబ్దం నుంచి పదమూడో శతాబ్దం దాకా ఇరావతి ఒడ్డున వెలసిన వేల గుడుల దగ్గర దాతలు శాసనాలు వేయించారు. అయితే వాటిలోనూ చిక్కుంది. పద్దెనిమిదో శతాబ్దం చివర బోదోపయా రాజు విహార మాన్యాల లెక్క తేల్చడానికి పాత శాసనాలన్నీ తెప్పించి నకళ్లు చెక్కించాడు. నకలు తీసినవాళ్లు చాలాచోట్ల తమ కాలపు వర్ణక్రమం పెట్టారు, తెలియనిచోట ఊహించారు. బ్రిటిష్ కాలంలో అచ్చయిన సంపుటాలు చాలామటుకు ఆ నకళ్లనూ కలుపుకొన్నవే. అసలేదో నకలేదో చూడకుండా రాసిన చరిత్ర ఎట్లా ఉంటుందో మన శాసనాలు చదివేవాళ్లకు చెప్పనక్కరలేదు.

కాబట్టి వీళ్లు అసలు రాయి దగ్గరికి వెళ్లారు. సిరా ముద్రలు తీసి, ఫొటోలుగా అచ్చువేసే పని మొదలుపెట్టారు. 'ఇన్‌స్క్రిప్షన్స్ ఆఫ్ బర్మా' మొదటి సంపుటం 1933లో, చివరివి 1950ల్లో వచ్చాయి. ఐదు సంపుటాలు, ఆరు వందలకు పైగా ఫలకాలు. ఒక్కొక్కటీ గోడకు తగిలించే పటమంత. పాఠం లేదు, అనువాదం లేదు, వ్యాఖ్య లేదు. రాయి ఇదిగో, చదువుకోండి అన్నట్టుగా ఇచ్చారు. తమ పాఠమే చివరి మాట అని చెప్పుకునే అవకాశం చేతిలో ఉండి కూడా వదులుకోవడం పండితుల్లో అరుదు.

రాజకుమార్ స్తంభం

మాటలతో చెబితే చాలదు, ఒక రాయిని దగ్గరగా చూద్దాం. పగాన్‌కు దక్షిణాన మ్యింకబా గ్రామంలో మ్యజేడి పగోడా దగ్గర ఒక నాలుగు పలకల స్తంభం ఉండేది. ఒక్కో ముఖాన ఒక్కో భాష: పాలీ, మోన్, ప్యూ, బర్మీస్. కాలం 1112-13. తేదీ తెలిసిన తొలి బర్మీస్ రచనల్లో ఇదొకటి. ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేనాటికి ప్యూ భాష ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఈ నాలుగు ముఖాలనూ పక్కపక్కన పెట్టుకొనే సి.ఓ. బ్లాగ్డెన్ అనే పండితుడు 1911లో దాని గుట్టు విప్పారు.

సంగతి ఇది. బుద్ధ పరినిర్వాణం తర్వాత 1628 ఏళ్లు గడిచాక అరిమద్దనపురంలో, అంటే పగాన్‌లో, ఒకాయన రాజయ్యాడు. మనం క్యాన్‌సిత్తా అంటున్న రాజు ఆయనే. ప్రియమైన దేవేరికి మూడు దాస గ్రామాలిచ్చాడు. ఆమె పోయాక ఆమె నగలు, ఆ మూడు గ్రామాలు ఆమె కొడుకు రాజకుమార్‌కు ఇచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్లు ఏలాక రాజుకు జబ్బు చేసింది, పోయే ఘడియ దగ్గరపడింది. తనను పెంచిన రుణం తలచుకున్న కొడుకు బంగారంతో బుద్ధుడి ప్రతిమ చేయించి తెచ్చాడు. ఇది మీకోసం చేయించాను, మీరిచ్చిన మూడు గ్రామాలూ దీనికే ఇచ్చేస్తున్నాను, సమ్మతించండి అన్నాడు. రాజు సంతోషించి మేలు మేలన్నాడు. భిక్షువుల ఎదుట నీళ్లు ధారపోశాడు. కొడుకు గుడి కట్టించి ప్రతిమను నిలిపి, ఈ దాసులకు తన వంశంవాళ్లయినా, ఇంకెవరయినా అన్యాయం చేస్తే వాళ్లకు మైత్రేయ బుద్ధుడి దర్శనం దొరక్కుండు గాక అని శాపం పెట్టాడు.

ఈ కొడుకు రాజు కాలేదు. సింహాసనం మనవడు అలౌంగ్‌సిత్తాకు పోయింది. రాయి ఆ మాటే ఎత్తదు. ఫిర్యాదు లేదు, పొగడ్త లేదు, ఉపమానం లేదు. ఇచ్చాడు, పోయింది, తలచుకున్నాడు, చేయించాడు, అన్నాడు: క్రియ వెంట క్రియ నడుస్తుంది. తండ్రి కొడుకుతో ఆడిన మాట మాటగానే ఉంది. ఇది బర్మీస్ వచనానికి ఉగ్గుపాల నాటి రూపం. అప్పటికే ఇంత నిబ్బరంగా ఉంది!

తర్వాతి శాసనాలు ఇంకా ఇహలోకపువి. గుడి కట్టినందుకు తాపీ పనివాళ్లకు, వడ్రంగులకు, చిత్రకారులకు ఎంత వెండి, ఎన్ని వడ్లు ఇచ్చారో జమాఖర్చు రాసుకున్నవి ఉన్నాయి. గుడికిచ్చిన దాసుల పేర్ల జాబితాలున్నాయి, వాళ్లలో భారతదేశంవాళ్లూ ఉన్నారు. 1935లో పే మౌంగ్ టిన్ 'పగాన్ శాసనాల్లో స్త్రీలు' అని ఒక వ్యాసం రాశారు. రాణులే కాదు, ఉద్యోగుల భార్యలు, మామూలు స్త్రీలు కూడా తమ సొంత ఆస్తి నుంచి దానాలు చేసి, సొంత పేరుతో శాసనం వేయించుకున్నారని చూపించారు. వచ్చే జన్మలో మగవాడిగా పుట్టాలని కోరుకున్నవాళ్లు కూడా ఆ దాతల్లో ఉన్నారు. మరుసటి ఏడు పగాన్ శాసనాల్లోని బౌద్ధం గురించి రాశారు. పుస్తకాల్లోని బౌద్ధం ఎట్లాగూ ఆయన అనువదించిందే. దాతల గుండెల్లోని బౌద్ధం ఎట్లా ఉండేదో రాళ్ల మీద వెతికారు.

తరగతి గదిలో రాళ్లు

1920 డిసెంబరులో రంగూన్ విశ్వవిద్యాలయం పుట్టింది. పుట్టీపుట్టగానే విద్యార్థులు సమ్మె కట్టారు. ఆ సమ్మె నుంచి జాతీయ పాఠశాలలు, వాటితోపాటు మా భాషలో మాకు చదువు కావాలన్న మాటా వచ్చాయి. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకొని తిరిగివచ్చిన పే మౌంగ్ టిన్ 1920ల్లో బర్మీస్‌ను ఆనర్స్ పాఠ్యాంశంగా నిలబెట్టారు. నినాదం ఇవ్వడం ఒక పని. పాఠ్యప్రణాళిక రాసి, పుస్తకం తయారుచేసి, పరీక్ష పెట్టి, పట్టా ఇప్పించడం ఇంకో పని. ఆయన రెండోది చేశారు. 1928లో లూస్‌తో కలిసి పగాన్ శాసనాల్లోంచి ఏర్చి కూర్చిన సంకలనాన్ని విశ్వవిద్యాలయం తరఫున తెచ్చారు. అది విద్యార్థుల చేతికి వచ్చింది.

ఆయన విద్యార్థులు ఎవరో చూడండి. ఆనర్స్ తొలి విద్యార్థుల్లో ఒకరు సేన్ టిన్. థెయిప్పాన్ మౌంగ్ వా అనే పేరుతో రాశారు. తర్వాత థేన్ హాన్, అంటే కవి జోజీ. ఇంకొకరు మిన్ తు వున్, ఆయన కొడుకు తిన్ చో 2016లో మయన్మార్ అధ్యక్షుడయ్యారు. అప్పటి బర్మీస్ గ్రాంథిక వచనం పాలీ సమాసాలతో, పాలీకి మాటకు మాట అర్థం చెప్పే నిస్సయ ఫక్కీతో బరువెక్కి ఉండేది. వాక్యం మొదలుపెట్టినవాడు చివరికి వచ్చేసరికి ఊపిరి ఆగాలి. ఈ కుర్రాళ్లు తరగతిలో పన్నెండో శతాబ్దపు పొట్టి వాక్యాలు చదివారు. మన పూర్వులు ఇంత తేటగా రాయగా లేనిది మనకేమొచ్చింది అనుకున్నారు. 1930ల్లో వాళ్లు తెచ్చిన ఉద్యమం పేరు 'ఖిత్‌సాన్', కాలాన్ని పరీక్షించేదని అర్థం. 1934లో వాళ్ల కథల సంకలనం వచ్చింది.

థెయిప్పాన్ మౌంగ్ వా ఐసీఎస్ అధికారి. మౌంగ్ లూ ఏ అనే అధికారిని పాత్రగా పెట్టి, క్యాంపుల్లో, కచేరీల్లో తను చూసిన పల్లెటూళ్లను చిన్న చిన్న గల్పికలుగా రాశారు. పండితులు ఇవి కథలే కావన్నారు, భాష పలచనైపోయిందన్నారు. గురువుగారు శిష్యుల పక్షాన నిలబడ్డారు. ఆయన నిలబడ్డారంటే దాని బరువు వేరు: విసుద్ధిమగ్గ అనువదించిన మనిషికి పాలీ రాదని ఎవరూ అనలేరు కదా!

ఈ చర్చ వింటుంటే మనకు గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకు రాక తప్పదు. ముఖలింగం శాసనాలు సొంతంగా చదివి లిపి నేర్చుకున్నది ఆయనే, సవర భాషకు వ్యాకరణం రాసింది ఆయనే, వాడుక భాష కోసం పోరాడింది ఆయనే. పాత రాతల్లోంచి సాక్ష్యాలు ఏర్చి ప్రత్యర్థుల ముందు పెట్టడం ఆయన పద్ధతి. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసునని నేననను. సముద్రానికి రెండు ఒడ్డులా ఒకే కాలంలో ఒకే రకమైన బుద్ధి పనిచేసిందని మాత్రం అంటాను.

కంచె లేని అభిమానం

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. ఓడల సరుకు కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మావాళ్లను తెచ్చాయి. రాజీ కుదిరాక తెలుగువాళ్లను మళ్లీ తీసుకొని బర్మావాళ్లను పొమ్మన్నాయి. కొట్లాట రేగి వందమందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్లలో మనవాళ్లే ఎక్కువ. ఆ మంటల్లోంచే 'దొబమా' ఉద్యమం లేచింది. మన దేశం, మన సాహిత్యం, మన భాష అన్నది దాని పిలుపు. రెండు వైపులా పేదవాళ్లే ఉన్న ఆ కొట్లాటలో లాభపడింది ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

ఆ రోజుల్లోనే అదే ఊళ్లో పే మౌంగ్ టిన్ కూడా 'మన భాష' అంటున్నారు. కానీ ఆయన మాటలో కంచె లేదు. బర్మీస్ చరిత్ర రాయాలంటే మోన్ కావాలి, ప్యూ కావాలి, పాలీ కావాలి, భారతదేశం నుంచి వచ్చిన లిపి కావాలని ఆయనకు తెలుసు. శ్రీక్షేత్రం దగ్గర దొరికిన ప్యూల బంగారు రేకుల మీది పాలీ అక్షరాలను దక్షిణ భారతపు తెలుగు-కన్నడ లిపికి దగ్గరివిగా పండితులు గుర్తించారు. తర్వాతి కాలంలో మరో ప్యూ నగరం బేక్తానో తవ్వకాల్లో బయటపడ్డ కట్టడాలను నాగార్జునకొండ కట్టడాలతో పోల్చారు. ఒక భాష గొప్పదని చెప్పడానికి దాని చుట్టాలను దాచిపెట్టాల్సిన పనిలేదు.

1936 విద్యార్థుల సమ్మె తర్వాతి సంవత్సరాల్లో ఆయన యూనివర్సిటీ కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న తొలి బర్మీయుడు ఆయనే. బర్మీస్ సాహిత్య చరిత్రను, వ్యాకరణాన్ని బర్మీస్‌లోనే రాశారు. ఇంగ్లీషులో రాస్తే పేరొస్తుంది, సొంత భాషలో రాస్తే విద్యార్థికి పనికొస్తుంది. ఆయన రెండూ రాశారు.

1942లో జపాన్ సైన్యాలు వచ్చాయి. లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి నడిచివచ్చిన ఆ ఏడాదే లూస్ కూడా భారతదేశానికి చేరారు. ఏళ్ల తరబడి పోగుచేసుకున్న పుస్తకాలు, కాగితాలు యుద్ధంలో పోయాయి. ఆ జూన్‌లో థెయిప్పాన్ మౌంగ్ వాను బందిపోట్లు చంపారు. చివరిదాకా ఆయన రాసుకున్న డైరీ మిగిలింది. యుద్ధం ముగిశాక బావామరదులు మళ్లీ మొదలుపెట్టారు. 1964లో నే విన్ సైనిక ప్రభుత్వ కాలంలో లూస్ దంపతులు దేశం విడవాల్సి వచ్చింది. జెర్సీ దీవిలో కూర్చొని ఆయన 'ఓల్డ్ బర్మా - ఎర్లీ పగాన్' మూడు సంపుటాలు పూర్తి చేశారు. వాళ్లు వేసిన దారిలోనే చరిత్రకారుడు డాక్టర్ థాన్ టున్ నడిచి, రాజుల ఆజ్ఞాపత్రాలను పది సంపుటాలుగా తెచ్చారు. శాసనం ఏం చెబితే అదే చరిత్ర, అధికారంలో ఉన్నవాడికి నచ్చినా నచ్చకపోయినా అన్నది ఆ పరంపర. సైనిక పాలనలో అట్లా అనడానికి గుండెధైర్యం కావాలి.

మనం చేయవలసింది

పొగడ్తతో ముగిస్తే పే మౌంగ్ టిన్‌కు నచ్చదు. ఆయన చేసిన పనుల్లో మనం చేయగలిగినది ఒకటుంది కనుక దాన్ని సభ ముందు పెడుతున్నాను.

మనకు శాసనాల కొరత లేదు. రేనాటి చోళుల కలమళ్ల శాసనం నుంచి లెక్క పెట్టినా పద్నాలుగు వందల ఏళ్ల రాత ఉంది. సంపుటాలు అచ్చయ్యాయి. కానీ మన తెలుగు ఎం.ఏ. విద్యార్థికి శాసనమంటే పరీక్షలో రాసే తేదీ, లేదంటే తొలి పద్యం ఏది అనే ప్రశ్న. శాసనాల్లోని వచనం, అంటే భూమి హద్దులు చెప్పే వాక్యం, నూనె గానుగ మీద పన్ను రాసే వాక్యం, గుడిలో దీపానికి గొర్రెలనిచ్చిన మనిషి వాక్యం, తరగతిలో ఎవరూ బిగ్గరగా చదవరు. చరిత్రవాళ్లు అందులో రాజవంశాన్ని తీసుకొని మిగతాది వదిలేస్తారు. సాహిత్యంవాళ్లు పద్యాన్ని తీసుకొని మిగతాది వదిలేస్తారు. ఆ మిగతాదే మన వచనం.

నా ప్రతిపాదన ఇది. ఈ ధర్మనిధి వచ్చే రెండేళ్ల ఉపన్యాసాల ఖర్చును పక్కనపెట్టి, యాభై తెలుగు శాసనాల వచన భాగాలతో ఒక పాఠ్యపుస్తకం వేయించాలి. ఎడమ పేజీలో శిల ఫొటో, కుడి పేజీలో ఉన్నది ఉన్నట్టుగా పాఠం, కింద కఠిన పదాలకు అర్థం. దీర్ఘమైన పీఠిక వద్దు. సంపాదకుల ఊహలు వద్దు. రాయలసీమ, కోస్తా, తెలంగాణ, కళింగం అన్నిటికీ చోటుండాలి. కన్నడ, తమిళ, ఒడియా సరిహద్దుల్లోని ద్విభాషా శాసనాలు తప్పక ఉండాలి. దాన్ని చదివిన విద్యార్థి రేపు కథ రాస్తాడో, వార్త రాస్తాడో, వ్యాకరణమే రాస్తాడో మనం నిర్ణయించనక్కరలేదు. రంగూన్‌లో 1928 నాటి ఆ చిన్న పుస్తకం వేసినవాళ్లూ ఆ సంగతి నిర్ణయించలేదు. పుస్తకం చేతికిచ్చారు, అంతే. సంపాదకత్వానికి నా వంతు పని నేను చేస్తానని ఈ సభలో మాట ఇస్తున్నాను.